పాత కారు ఏమంటోంది?

బ్రాడీపేటలో ఇల్లు కనుక్కోవడం తేలిక. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, రిక్షా అతను మారుమాట లేకుండా తెచ్చి దింపేవాడు. మా ఇంటికి మాత్రం ఇంకొక గుర్తు ఉండేది. "గేటు లోపల తెల్ల అంబాసిడర్ ఉంటుంది, ఆ ఇల్లే" అని చెప్పేవారు. అది 1968లో తయారైన మార్క్-2 రకం కారు. నాన్నగారు దానిని 1974లో ఒక డాక్టరుగారి వద్ద కొన్నారు. నాన్నగారు మమ్మల్ని విడిచి వెళ్ళి చాలా సంవత్సరాలైంది. కారు ఉంది. అమ్మ ఉంది. మేము అన్నదమ్ములం ఇద్దరం ఆ కారు చప్పుళ్ళు వింటూనే పెద్దవాళ్ళమయ్యాము.

ఈ వ్యాసం ఆ చప్పుళ్ళ గురించే. పాత కారు ఉన్న ఇంటివాళ్ళు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తుంటారు. ఇంజనులో కొత్త చప్పుడు వస్తే వినీ విననట్లు ఊరుకోవడం మొదటిది. విన్న వెంటనే బెదిరిపోయి, ఎక్కడిదో తెలుసుకోకుండానే ఇంజను విప్పించడం రెండవది. మొదటి పొరపాటు మేము చేశాము. రెండవది చేయబోయి, చివరి నిమిషంలో తప్పించుకున్నాము. మా అనుభవం మీలో ఒక్క కుటుంబానికి ఉపయోగపడినా మాకు సంతోషమే.

ఎడ్లపాడు దాటిన తరువాత

అది 1987 మే నెల. ఒంగోలులో బంధువుల ఇంట పెళ్ళి చూసుకుని మధ్యాహ్నం ఎండలో గుంటూరు తిరిగి వస్తున్నాము. మాలో పెద్దవాడు నడుపుతున్నాడు, నాన్నగారు ముందు సీటులో కునుకు తీస్తున్నారు. చిలకలూరిపేట దాటాక వెనుక సీటులో నుంచి అమ్మ అన్నది: "ఒరేయ్, ఎవరో తలుపు తడుతున్నట్టు ఉందిరా."

రోడ్డు బాగాలేదు, అదే చప్పుడు అన్నాము. ఎడ్లపాడు దాటాక తలుపు తట్టడం కాస్తా తలుపు బాదడం అయింది. ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు అడుగుకు దిగిపోయింది. అది మేము చూడకపోలేదు, చూశాము. "ఇంకెంత, పాతిక ముప్పై కిలోమీటర్లే గదా, ఇంటికి వెళ్ళి చూద్దాం" అనుకున్నాము. మరో నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి పెద్ద చప్పుడుతో ఇంజను పట్టేసింది. ఒక మిరపకాయల లారీ డ్రైవరు దయతలచి తాడు కట్టి గుంటూరు దాకా లాక్కొచ్చాడు.

షెడ్డులో ఇంజను దించి చూస్తే మూడవ సిలిండరు కనెక్టింగ్ రాడ్డు బేరింగు కరిగి పొరలు పొరలుగా ఊడిపోయి ఉన్నది. క్రాంకు మీద గాళ్ళు పడ్డాయి. దానిని లేత్ షాపుకు పంపి గ్రైండింగ్ చేయించి, అండర్ సైజ్ బేరింగులు వేయించవలసి వచ్చింది. నాన్నగారి రెండు నెలల జీతం అందులో పోయింది. ఇంతకూ మూలకారణం ఏమిటంటే, సంపు దగ్గర పాడైన ఒక ప్యాకింగు. దానిలో నుంచి నూనె చుక్క చుక్కగా కారిపోయింది. ఒంగోలులో బయలుదేరే ముందు ఆయిల్ పుల్ల తీసి చూసి ఉంటే తెలిసేది. నాన్నగారు ఒక్కమాట అనలేదు. ఆ అనకపోవడమే మాకు ఈనాటికీ గుర్తు.

బేరింగు ఎందుకు కరుగుతుంది అన్నది తెలుసుకోవడం మంచిది. క్రాంకు పిన్నుకూ రాడ్డుకూ మధ్య ఉండే బేరింగు నిజానికి మెత్తని లోహం పూసిన పలుచని రేకు. పిన్ను ఆ రేకును తాకకుండా పలుచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. నూనె ఒత్తిడి తగ్గితే ఆ పొర తెగిపోతుంది, లోహం లోహాన్ని తాకుతుంది. వేడికి మెత్తని లోహం కరుగుతుంది, సందు పెరుగుతుంది, పిస్టన్ దిగిన ప్రతిసారీ రాడ్డు వెళ్ళి పిన్నును కొడుతుంది. అమ్మ విన్న తలుపు చప్పుడు అదే.

ఈ ఇంజను సంగతి

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1950ల చివర మొదలైన దీని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. తొలి కార్లలో పక్క వాల్వుల ఇంజను ఉండేది. కొద్దికాలానికే 1489 సి.సి. పెట్రోలు ఇంజను వచ్చింది. మా కారులో ఉన్నది అదే. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. క్యామ్ షాఫ్ట్ కింద ఉంటుంది, వాల్వులు పైన ఉంటాయి. మధ్యలో పుష్ రాడ్లు వాల్వులను తెరుస్తాయి. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. ఈనాటి కార్లలో దోషం వస్తే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, మిషను తగిలిస్తే నంబరు చెబుతుంది. ఈ ఇంజనుకు నోరు తప్ప మరొకటి లేదు. కాబట్టి చెవి ఒగ్గి వినక తప్పదు.

చప్పుడును అడగవలసిన నాలుగు ప్రశ్నలు

1987 తరువాత మాకు ఒక వృద్ధ మేస్త్రిగారు పరిచయమయ్యారు. ఆయన బానెట్ ఎత్తక ముందే నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఎప్పుడు వస్తోంది, పొద్దున్నే చల్లటి ఇంజనులోనా, వేడెక్కాకా? ఎంత వడిగా వస్తోంది? ఎక్కడి నుంచి, పైనా, కిందా, ముందా? బరువు మీద పెరుగుతోందా, తగ్గుతోందా? ఈ నాలుగింటికి జవాబు దొరికితే సగం రోగం తెలిసినట్టే అనేవారు.

వడి సంగతి చూడండి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ఒక్కొక్క వాల్వు నిమిషానికి 400 సార్లు మాత్రమే తెరుచుకుంటుంది. క్రాంకుకు సంబంధించిన దెబ్బ అయితే 800 సార్లు వినిపిస్తుంది. అందువల్ల కుట్టుమిషను మాదిరి నెమ్మదిగా "టిక్ టిక్" అంటుంటే అది పైన వాల్వుల దగ్గరిదనీ, దానికి రెట్టింపు వడిలో బరువుగా కొడుతుంటే అది కింద క్రాంకు దగ్గరిదనీ అనుకోవచ్చు.

ఏ చప్పుడు ఎవరిది?

పై నుంచి వచ్చే టిక్ టిక్ చాలావరకు టాపెట్లది. వాల్వుకూ రాకరుకూ మధ్య కొద్ది సందు ఉండాలి. ఈ ఇంజనుకు అది అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, అంటే 0.38 మిల్లీమీటరు. సందు పెరిగితే చప్పుడు పెరుగుతుంది. ఫీలర్ గేజి, ఒక పానా, స్క్రూడ్రైవరు ఉంటే గంటలో సరిచేసే పని. దీనికి భయపడనవసరం లేదు.

అచ్చం టాపెట్ లాగే వినిపించే దొంగ ఒకడున్నాడు. సైలెన్సర్ గొట్టం ఇంజనుకు కలిసే చోట ప్యాకింగు కాలిపోతే, పొగ ఆ సందులో నుంచి "ట్చ ట్చ" మని కొడుతుంది. పొద్దున ఎక్కువగా ఉండి, ఇనుము వేడికి సాగాక తగ్గితే ఇదేనని అనుమానించాలి. ఆ చోట మసి మరక కూడా కనబడుతుంది.

చల్లటి ఇంజనులో బోలుగా "డబ డబ" మని, పది నిమిషాలకు తగ్గిపోయేది పిస్టన్ చప్పుడు. బోరు అరిగి పిస్టన్ వదులైంది, వేడికి వ్యాకోచించాక సరిపోతోంది అన్నమాట. ఇంజను మెల్లగా బోరుకొస్తోంది. ఈ పూటకు ప్రమాదం లేదు, కానీ డబ్బు కూడబెట్టుకోవడం మొదలుపెట్టాలి.

మిట్ట ఎక్కేటప్పుడు గాజు గోళీలు డబ్బాలో వేసి ఊపినట్టు గలగల వస్తే అది లోపల మంట అదుపు తప్పడం. ఒకప్పుడు మా కారు శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కిన ప్రతిసారీ ఇలా గలగలమనేది. ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగి ఉన్నా, ఇంజను అతిగా వేడెక్కినా, లోపల బొగ్గు పేరుకున్నా ఇది వస్తుంది. మా కారు విషయంలో తప్పు రేడియేటరుది. పత్తి లారీల వెనుక తిరిగి తిరిగి దాని రెక్కల నిండా దూది పట్టింది. నీళ్ళతో కడిగించాక సగం గలగల తగ్గింది, టైమింగు కాస్త వెనక్కు జరిపాక మిగతా సగం పోయింది. పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి నడిపితే ఇది పిస్టన్లను తినేస్తుంది.

క్లచ్ నొక్కితే మారే చప్పుడు అసలు ఇంజనుదే కాదు. నొక్కినప్పుడు వచ్చేది క్లచ్ బేరింగుది, నొక్కినప్పుడు పోయేది గేరు బాక్సుది. ముందు భాగంలో గొలుసు ఈడ్చినట్టు ఉంటే టైమింగు చైను. సెల్ఫు కొట్టగానే కీచుమంటే ఫ్యాను బెల్టు వదులు.

ఇక మిగిలింది అసలైనది. లోతు నుంచి బరువుగా కొట్టే దెబ్బ. ఇంజను రేజు చేసి కాలు తీయగానే గణగణమని కొడితే కనెక్టింగ్ రాడ్డు బేరింగు. బరువు మీద కదిలేటప్పుడు కింద నుంచి "ధన్ ధన్" అంటే క్రాంకు మెయిన్ బేరింగు. దీనితోపాటు ఆయిల్ ముల్లు దిగినా, కొన్ని కార్లలో ఉండే ఎర్రదీపం వెలిగినా, ఇంకొక్క ఫర్లాంగు కూడా నడపరాదు. మిగతా చప్పుళ్ళన్నీ రేపటిదాకా ఆగుతాయి. ఇది ఆగదు.

మేస్త్రి చేతి స్టెతస్కోపు

1816లో పారిస్ నగరంలో లాయెనెక్ అనే వైద్యుడు ఒక రోగి గుండె చప్పుడు వినడానికి కాగితాలను గొట్టంగా చుట్టి చెవికి ఆనించుకున్నాడు. స్టెతస్కోపు పుట్టింది అలాగే. మన గుంటూరులో 1883లో వచ్చి వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటి వారి చేతిలో ఉన్నదీ ఆ పరికరమే. మోటారు మేస్త్రులు అదే పని పొడవాటి స్క్రూడ్రైవరుతో చేస్తారు. మొన ఇంజను మీద ఒక్కొక్క చోట పెట్టి, పిడి చెవి వెనుక ఎముకకు ఆనిస్తే, చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే రోగం.

రెండవ పరీక్ష ప్లగ్గు వైరుది. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్గును వరుసగా ఆపాలి. ఒక సిలిండరును ఆపినప్పుడు దెబ్బ తగ్గితే ఆ సిలిండరు రాడ్డు బేరింగే దోషి. ఇది షాకు కొట్టే పని గనుక మేస్త్రికే వదిలివేయండి.

మూడవది బెల్టు పరీక్ష. ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు తీసివేసి, మళ్ళీ ఒక్క నిమిషం లోపు మాత్రమే నడపాలి. చప్పుడు పోతే అది డైనమోదో, వాటర్ పంపుదో, ఫ్యానుదో. ఇంజను లోపలిది కాదు. ఖర్చులేని పరీక్ష ఇది. అయినా చాలామంది దీనిని చివరకు గాని చేయరు.

ఏ పరీక్షకైనా జాగ్రత్తలు రెండు. ఫ్యాను దగ్గరకు వంగేటప్పుడు పైట చెంగు, కండువా, వదులు చొక్కా చేతులు బిగించుకోవాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

చప్పుడు తగ్గినా అనుమానించాలి

ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు నిలిపివేశారు. ప్రజల ఆరోగ్యానికి అది ఎంతో మేలు. కాని పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటుకు ఆ సీసమే కవచంగా ఉండేది. అది లేకుండా ఎక్కువ వేగంతో ఎక్కువ దూరాలు నడిపితే, వాల్వు తన సీటులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. అప్పుడు టాపెట్ సందు పెరగదు, తగ్గుతుంది. చప్పుడు కూడా తగ్గుతుంది. యజమాని సంతోషిస్తాడు. లోపల వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంటుంది. అందుకే టాపెట్ సందును చెవితో కాక ఫీలర్ గేజితో, క్రమం తప్పకుండా చూడాలి.

ఇప్పుడు బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలనూ ప్యాకింగులనూ ఇథనాల్ మెత్తబరుస్తుంది. కార్బురేటరులో మిశ్రమం కూడా పలుచనవుతుంది. ఇంజను తుమ్మినట్టు వెనక్కు కొట్టడం, పికప్ ఇచ్చేటప్పుడు తడబడడం మొదలైతే ముందు పెట్రోలు గొట్టాలు చూడండి. తడి కనబడితే అవి మార్చేదాకా కారు తీయకండి.

మళ్ళీ అదే దెబ్బ

2022 వేసవిలో ఒక ఉదయం మా కారు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. బరువుగా, 1987లో విన్నట్టే. మా గుండె జారిపోయింది. ఈసారి తెలివిగా వెంటనే ఆపివేశాము. పిలిపించిన ఒక మెకానిక్కు రెండు నిమిషాలు విని "బేరింగులు పోయాయి సార్, ఇంజను దించాల్సిందే" అని, మేము భరించలేని అంచనా చెప్పాడు. పాత సామాన్లు కొనే అతను కూడా వచ్చి బరువు లెక్కన ధర కట్టాడు. హైదరాబాదులో ఉన్న పిల్లలు ఫోనులో "ఇంకా ఎందుకు నాన్నా, ఇచ్చేయండి" అన్నారు. మేమూ ఇచ్చేద్దామనే అనుకున్నాము. నిజం చెప్పాలంటే, 1987 నాటి భయమే మా చేత ఆ మాట అనిపించింది.

అమ్మకు అప్పటికి ఎనభై మూడేళ్ళు. వరండాలో కుర్చీలో కూర్చుని అంతా వింటున్నది. "ఒకసారి మళ్ళీ స్టార్టు చేయండిరా" అన్నది. చేశాము. కాసేపు విని అన్నది: "ఇది ఆనాటి చప్పుడు కాదు. అది కాళ్ళ కింద నుంచి వచ్చింది. ఇది మొహం మీద నుంచి వస్తోంది."

ఆనాడు కూడా ముందు విన్నది ఆమే, వినిపించుకోనిది మేమే. ఈసారి ఊరుకోదలచలేదు. ఆయిల్ ముల్లు చూశాము, ఎప్పటి చోటనే నిలబడి ఉంది. వృద్ధ మేస్త్రిగారు అప్పటికి లేరు. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడిని పిలిపించాము. అతను వచ్చి, నాలుగు ప్రశ్నలూ అడిగి, ఇంజను ఆపి బెల్టు తీశాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. దెబ్బ లేదు. టాపెట్ల టిక్ టిక్ తప్ప ఇంకేమీ వినబడలేదు. ఫ్యాను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే కటకటలాడింది. వాటర్ పంపు బేరింగు అరిగిపోయి, షాఫ్టు, దానికి తగిలించిన ఫ్యాను కలిసి ఊగుతున్నాయి. పంపు మార్చిన ఖర్చు మొదటి అంచనాలో పదోవంతు కూడా కాలేదు. మొదట వచ్చిన అతను మోసగాడని మేము అనము. అతను రెండు నిమిషాలు విన్నాడు, అంతే.

వింటేజి మాట

మన దేశంలో 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పది సంవత్సరాలు. అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు కోసం బయటకు తీయవచ్చుగాని రోజువారీ తిరగడానికి వీలులేదు. వయసు రీత్యా మా కారుకు ఆ అర్హత ఉంది. కాని అమ్మను అప్పుడప్పుడు ఎక్కించుకుని తిప్పాలి గనుక మేము ఆ జోలికి పోలేదు. మామూలు రిజిస్ట్రేషనునే గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటున్నాము.

పాత కారు ఉన్నవారికి మేము చెప్పగలిగింది ఇంతే. బయలుదేరే ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. మీ కారు మామూలుగా చేసే చప్పుడును బాగుగా ఉన్న రోజులలోనే చెవికి అలవాటు చేసుకోండి. అది తెలియనివారికి కొత్త చప్పుడు వినబడదు. లోతైన దెబ్బ, దిగిన ఆయిల్ ముల్లు రెండూ కలిసి వస్తే నడిరోడ్డయినా ఆపేయండి. ముల్లు నిలబడి ఉన్నా అంతుతెలియని దెబ్బ అయితే కారు తీయకండి. కాని అమ్మకానికి పెట్టేముందు, ఇంజను విప్పించే ముందు, బెల్టు ఒక్కసారి తీయించండి. ఆ కారులో ఎక్కువ కాలంగా కూర్చుంటున్నవారిని, వారికి ఇంజను గురించి ఏమీ తెలియకపోయినా సరే, ఒకమాట అడగండి.

ఆ సాయంకాలం అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టుకుని నాలుగో లైను చివరిదాకా వెళ్ళి వచ్చాము. దారిలో ఆమె ఏమీ మాట్లాడలేదు. గేటు దగ్గర ఇంజను ఆపబోతుంటే మాత్రం, "ఉండండిరా, కాసేపు ఉండనివ్వండి" అన్నది. నిమిషంపాటు అలాగే విని, "ఇది మీ నాన్నగారి చప్పుడు" అని దిగి లోపలికి వెళ్ళింది.